పుట్టింటి వాకిలి

టెంపోలోంచి దించిన వాకిలి ఇంట్లోకి పోలేదు.

నిలువుగా పెట్టి చూశారు, అడ్డంగా పెట్టి చూశారు, చివరికి ఏటవాలుగా వంచి చూశారు. కాలేజీకని చట్రం, గడపతో సహా చేయించిన రెండు రెక్కల వేపచెక్క వాకిలి అది. పెనుకొండలో ఒక మామూలు ఇంటి గుమ్మంలో ఎలా పడుతుంది? దానితోపాటు హిందూపురం నుంచి వచ్చిన వడ్రంగి ఈశ్వరప్ప చెమట తుడుచుకున్నాడు.

"గోడ పగలగొట్టమంటే పగలగొడతానమ్మా. ఇంక నా చేతయితే కాదు."

"ఇంట్లోకి ఎందుకప్పా?" అంది జయలక్ష్మమ్మ. "నేరుగా కాలేజీ కాడికే పోనీయమని పొద్దున ఫోన్లో చెప్పినా గదా?"

ఈశ్వరప్ప టెంపో డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు టైర్ల వంక చూశాడు.

"పోయినామమ్మా. ఆడ దీనికి తావు లేదని తిరిగి పంపించినారు. గాజు తలుపులంట."

హేమావతి అప్పుడే పసుపు కలిపిన గిన్నె తీసుకుని బయటికి వచ్చింది. ఆ మాట విని ఉన్నచోటే ఆగిపోయింది. అత్త ముఖంలోకి చూడడానికి ధైర్యం చాలక వాకిలినే చూస్తూ నిలబడింది. చట్రం పైకమ్మీ మీద పద్మాలు, వాటికి అటూ ఇటూ చిలకలు. కుడివైపు చిలక ముక్కున జామపండు బదులు పెన్ను ఉంది. అది అత్త ఈశ్వరప్ప పక్కన కూర్చుని మరీ చెక్కించుకున్న పెన్ను.

"ఎవురు చెప్పినారు తావు లేదని?"

"ఎవురమ్మా అంటే... మీ వేణుగోపాలప్పే."

జయలక్ష్మమ్మ కొంగు బొడ్లో దోపుకుని అరుగు మీద కూర్చుంది. కొడుకు మోటారుసైకిలు వీధి మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది.

వేణుగోపాల్ బండి స్టాండు వేసే తీరులోనే తప్పు చేసినవాడి జంకు కనిపించింది. ఘనగిరి కమ్యూనిటీ కాలేజీ కొత్త భవనం పనులన్నీ చూసుకునే ఇంజనీరు అతను. మేస్త్రీల మీద అరిచే గొంతు ఇంటి ముందుకు వచ్చేసరికి సన్నబడింది.

"వేణూ, కాలేజీకి వాకిలి ఉండాదా, లేదా?"

"ఉండాదమ్మా. పన్నెండడుగులది. గాజుది. మనిషి దగ్గరికి పోతే దానంతట అదే తెరుచుకుంటాది."

"ఎవురు పోయినా?"

"ఎవురు పోయినా."

"కుక్క పోయినా?"

వేణుగోపాల్ ఆలోచించాడు. లెక్కల మనిషి కాబట్టి అబద్ధం నోటికి రాలేదు. "కుక్క పోయినా తెరుచుకుంటాదేమో."

"అయితే అది వాకిలి కాదు నాయనా. సంత."

లోపల కూర్చుని కొడవలికి పదును పెడుతున్న మామ హనుమంతు కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు కింద మార్చేశాడు.

"భూమిపూజ నాడు అందరి ముందరా అంటి గదరా, వాకిలి మాది అని. మీ కమిటీవాళ్లంతా 'అట్లే కానీమ్మా' అని తలకాయలూపినారు గదా?"

"అదేదో దీవెన మాదిరి అంటాండావేమో అనుకున్యాం."

"దీవెనా? మా పక్క ఆడబిడ్డ ఇల్లు కట్టుకుంటే పుట్టింటోళ్లు వాకిలి ఇస్తారు. నాకు మా నాయన ఇయ్యలేదా? ఈ ఇంటి వాకిలి ఎవురిదనుకున్యావు? నాకు కూతుర్ని ఇయ్యలేదు దేవుడు. నా చేను ఇచ్చి, ఆ చేన్లో లేచిన ఇంటిని కూతురనుకున్యా. ఆ చేన్లో కొట్టిన వేపమానుతోనే వాకిలి చేపిస్తి. తప్పా?"

తప్పు కాదు. గజాల లెక్కన ధర పలికే రోడ్డు పక్క చేనును ఒక్క మాటతో ఇచ్చేసిన మనిషి, బదులుగా కోరింది ఒక గుమ్మం. అది కూడా తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి.

"గాజుది పెడతాండామని ముందే ఎందుకు చెప్పలేదు నాకు?" అంది జయలక్ష్మమ్మ.

"మర్చిపోతావులే అనుకున్యా," అన్నాడు వేణుగోపాల్ నేల చూస్తూ.

"ఒక పని చేద్దామమ్మా," అన్నాడు మళ్లీ తనే, పాడైన పని బాగుచేద్దామన్న ఆత్రంతో. "గేటు లోపల తోటలో నిలబెడదాం. పిల్లోళ్లు దాని కింద నిలబడి ఫొటోలు తీసుకుంటారు."

"గోడ లేని వాకిలా? దొంగలు కూడా నవ్వుతారు."

"ఆడపిల్లోళ్ల బాత్రూములకు తలుపులు ఇంకా రాలేదంట గదా..." అని లోపలినుంచి హనుమంతు సాయం చేయబోయాడు.

కొడవలి చప్పుడు ఆగిపోయింది. జయలక్ష్మమ్మ లేచి, ఎవరి వంకా చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

* * *

జయలక్ష్మమ్మ కోపం వస్తే అన్నం మానేసే రకం కాదు. కోపం ఎక్కువైన కొద్దీ ఆమె వంట బాగుపడుతుంది. పెళ్లయి ధర్మవరం నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో హేమావతికి ఈ సంగతి తెలియక, ఒక పండగపూట వంటకు పొంగిపోయి, "అత్తా, ఈరోజు ఎంత సంతోషంగా వండినావు!" అని చీవాట్లు తిన్నది.

ఆ సాయంత్రం రాగిముద్దా కోడిపులుసూ వచ్చాయి. మరునాడు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు. మధ్యాహ్నానికి చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, ఇంకా ఏవేవో. మూడోనాడు తెల్లారేసరికి నెయ్యి కారే బొబ్బట్లు, అదే ఓళిగలు. ఇంట్లో మాత్రం మాటలు లేవు. గరిటె చప్పుడే మాట, మూత చప్పుడే జవాబు.

"ఇంకో వారం ఇట్లే ఉంటే బాగుండు," అన్నాడు హనుమంతు కోడలితో గుసగుసగా, నేతి వేలు నాకుతూ.

"మామా!"

"నేనేమంటి? నా పెండ్లాం బాధపడతాంటే నాకు బాధ లేదా? ఇంకొక్కటి వెయ్యి."

వాకిలి మాత్రం వీధిలోనే, గోడకు ఆనించి ఉంది. వచ్చేపోయేవాళ్లు ఆగి చిలకలను చూసేవారు. "ఏమి జయక్కా, కొత్తిల్లు కడతాండారా?" అని అడిగేవారు. "నా కూతురికి," అనేది జయలక్ష్మమ్మ. ఆమెకు కూతురు లేదని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. వాళ్లు తల ఊపి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసేవారు. ఆ చూపులు హేమావతికి ముల్లులా గుచ్చుకునేవి.

ఓళిగలు ఇంట్లో తరిగేలా లేవు. మధ్యాహ్నం హేమావతి ఒక పెద్ద డబ్బా నింపుకుని కాలేజీకి బయలుదేరింది.

మొన్నటిదాకా చేనుగా ఉన్న చోట ఇప్పుడు రెండంతస్తుల భవనం నిలబడి ఉంది. కూలీలు పాటలు పెట్టుకుని గోడలకు సున్నం కొడుతున్నారు. దాని పక్కనే పాత కాలేజీ, నాలుగు గదుల రేకుల కట్టడం, పెద్దింటి పెళ్లికి వచ్చిన పేద చుట్టంలా ఒదిగి కూర్చుంది. ప్రిన్సిపాల్ నీలావతి తలకు పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని వరండాలోనే ఫైళ్లు చూస్తోంది.

మొదటి ఓళిగ తింటూ, "జయలక్ష్మమ్మ గారి కోపం ఇంకా తగ్గలేదా?" అని అడిగింది.

"తిన్నారు గదా మేడమ్. ఎట్లుండాది?"

"అద్భుతంగా ఉంది."

"అంటే తగ్గలేదనే."

నీలావతి రెండోది తీసుకోబోతూ చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఆలోచించుకుని తీసుకుంది.

అంతలో కంకర మీద గరగరమని చప్పుడైంది. మల్లిక అనే అమ్మాయి చక్రాల కుర్చీలో పాత భవనం చుట్టూ తిరిగి వస్తోంది. చీర అంచుల డిజైన్లు గీసే కోర్సులో చదువుతోంది. ఒక చక్రం కంకరలో దిగబడింది. వేణుగోపాల్ పరుగెత్తుకొచ్చి తోశాడు.

"వేణు సార్, ఆ గోడ ఎప్పుడు పగలగొడతారు? రోజూ ఇట్ల ప్రదక్షిణం చేస్తే నాకు పుణ్యం దండిగా వస్తాది గానీ చదువు రాదు," అంది మల్లిక, డబ్బాలోకి తొంగిచూస్తూ.

"రేపే మల్లికా. శుక్రవారం ధర్మవరం నుంచి మగ్గాలు వస్తాండాయి. అంతలోపల చేసేయల్ల."

"ఏ గోడ?" అంది హేమావతి.

పాత భవనం చివరి గోడ. దాని అవతల కొత్త భవనం. మధ్యలో కొట్టి దారి చేస్తే పాత కాలేజీలోంచి కొత్త కాలేజీలోకి నేరుగా పోవచ్చు. గోడ మీద బొగ్గుతో గీసిన గుర్తు కనిపిస్తోంది. హేమావతి దగ్గరికి వెళ్లి ఆ గీత మీద చెయ్యి పెట్టింది.

"ఈడ ఏ తలుపు పెడతారు?"

"తలుపేం లేదు. ఉత్త దారి," అన్నాడు వేణుగోపాల్.

"అందరూ ఈడినుంచే పోతారా?"

"అందరూ. రోజుకు ఎన్నిసార్లో."

హేమావతి గోడనీ, భర్తనీ మార్చి మార్చి చూసింది. అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక జేబులోంచి టేపు తీశాడు. చేతిలో ఓళిగ ఉన్నదని మర్చిపోయి దాన్ని కూడా గోడకు ఆనించాడు.

"ఇంకా కొట్టలేదు గదా... ఎంత కావల్లంటే అంత కొట్టుకోవచ్చు. పైన బరువు మోసే లింటెల్ వేస్తే చాలు. హేమా, పడతాది! వాకిలి పడతాది!"

నీలావతి కూడా హెల్మెట్ సర్దుకుంటూ వచ్చి చూసింది. ఆమె ముఖం విప్పారింది. వెంటనే కొంచెం ముడుచుకుంది.

"ఒక్కటే ఇబ్బంది. గడప ఉండకూడదు. ఈ భవనంలో ఏ గదికీ గడప పెట్టకూడదని కమిటీ తీర్మానం. మల్లిక కుర్చీ పోవాలి కదా. ఇంకా ఇలాంటి పిల్లలు వస్తారు."

హేమావతి మనసు చివుక్కుమంది. వాకిలికి దండలు వేస్తారు, బొట్లు పెడతారు. కానీ అత్త రోజూ మొదట పసుపు పూసేది గడపకే.

* * *

"వాకిలికి తావు దొరికింది అత్తా!"

హేమావతి అంతవరకే చెప్పింది. మిగతాది రేపు అక్కడ చెబుదామనుకుంది. జయలక్ష్మమ్మ గరిటె కింద పెట్టి, కోడలి గడ్డం పట్టుకుని, కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి పప్పులో ఉప్పు మర్చిపోయింది. ఇంట్లో అందరూ ఆ చప్పటి పప్పును సంబరంగా తిన్నారు.

మరునాడు ఆమె ధర్మవరం పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమలూ పూలూ నవధాన్యాలూ పళ్లెంలో పెట్టుకుని, ట్రాక్టరులో వాకిలి పక్కనే కూర్చుని కాలేజీకి వచ్చింది. హనుమంతు కొత్త పంచె కట్టాడు. గోడ కొట్టి సిద్ధంగా ఉంది. అందులోంచి కొత్త భవనం వెలుగు పాత గదిలోకి పడుతోంది.

"ఎంత బాగుండాదే!" అంది జయలక్ష్మమ్మ. "గాజు తలుపు కంటే ఇదే మేలు. ఆడ అందరూ వస్తారు. ఈడ చదువుకునేటోళ్లే వస్తారు."

హేమావతి నోరు తెరిచేలోపలే ఈశ్వరప్ప వాకిలిని పడుకోబెట్టి, రంపం తీసి గడప మీద పెట్టాడు.

"ఏం కోస్తాండావప్పా?"

ఈశ్వరప్ప రంపం ఎత్తి వేణుగోపాల్ వంక చూశాడు. వేణుగోపాల్ భార్య వంక చూశాడు. హేమావతికి చూడడానికి ఎవరూ మిగల్లేదు.

"అత్తా, ఈడ గడప పెట్టకూడదంట. నిన్ననే చెప్పాల్సింది. నీ సంతోషం చూసి చెప్పలేకపోయినా."

"నా కొడుక్కే అనుకున్యా, చెప్పకుండా దాచే ఈ జబ్బు. నీకూ అంటిందా?" జయలక్ష్మమ్మ గొంతు పెరగలేదు. అందుకే హేమావతికి భయం వేసింది. "గడప కోసేస్తే ఇంక వాకిలేముంది? కాళ్లు లేని మనిషి మాదిరి—"

మాట సగంలో తెగిపోయింది. పాత గదిలో, కిటికీ పక్కన, చక్రాల కుర్చీలో మల్లిక కూర్చుని ఉంది.

సున్నం కొట్టేవాళ్ల పాట ఒక్కటే వినిపిస్తోంది.

"కానీ అవ్వా, చెప్పు," అంది మల్లిక. "కాళ్లు లేని మనిషి మాదిరి ఉంటే ఏమయితాది? నాకు ఉండాయిలే, పని చెయ్యవు, అంతే. అయినా బాగానే ఉండా గదా. నీ ఓళిగలు నాలుగు తిన్యా నిన్న."

"నాలుగా!" అంది నీలావతి అప్రయత్నంగా.

జయలక్ష్మమ్మ పళ్లెం హేమావతికిచ్చి, ఆ పిల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. "నా నోరు కాలిపోను," అంది. మల్లిక ఆమె చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో జాలి కోరడం లేదు, క్షమించడం కూడా లేదు. ఉత్త నవ్వే.

"కొయ్యనక్కర్లేదమ్మా," అన్నాడు వేణుగోపాల్ మెల్లగా. "గడపను నేలలోకి దింపి టైల్స్‌తో సమం చేస్తా. వాకిలి నిండుగానే ఉంటాది. చక్రం దాని మీదనుంచి పోతాది."

"అందరూ తొక్కుకుంటా పోతారు, అంతే గదా? గడప తొక్కితే లక్ష్మిని తొక్కినట్టురా. నిన్ను చిన్నప్పుడు దీనికోసం ఎన్నిసార్లు కొట్టింటి?"

వేణుగోపాల్ టేపు లాగుతూ వదులుతూ నిలబడ్డాడు. జయలక్ష్మమ్మ పడుకోబెట్టిన వాకిలి చుట్టూ ఒకసారి తిరిగింది. చిలకల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. వాకిలిని ఇంటికి తీసుకుపొమ్మంటుందేమో అని హేమావతి ఆమె వెనకే నడిచింది.

"పాపా, నీకు అవ్వ ఉండాదా?" అంది జయలక్ష్మమ్మ ఉన్నట్టుండి.

"ఉండాదవ్వా. రామగిరిలో."

"చిన్నప్పుడు నిన్ను ఒళ్లో పండబెట్టుకునింటాది గదా. తన్నేదానివా?"

"అప్పుడు బాగా తన్నేదాన్నంట. ముక్కుపుడక ఊడి పడేట్టు తన్నినానని ఇప్పటికీ చెప్తాది."

"మరి నీకు పాపం తగిలిందా?"

"ఎవురికీ ఏమీ తగల్లేదవ్వా. ముక్కుపుడకే దొరకలేదు, అంతే."

మొదట హనుమంతు నవ్వాడు. ఈసారి దగ్గు కింద మార్చలేదు. తర్వాత ఈశ్వరప్ప, తర్వాత గోడ అవతల ఉన్న కూలీలు, ఎందుకో తెలియకుండానే. జయలక్ష్మమ్మ నవ్వలేదు. వంగి గడప మీద అరచెయ్యి ఆనించింది, పసిబిడ్డ నుదురు తాకి జ్వరం చూసినట్టు.

"ఇది నా కూతురిల్లయితే ఈడ చదివేటోళ్లంతా కూతురి బిడ్డలు. మనవళ్ల కాళ్లు తగిలితే అవ్వకు దోషం లేదు. దించప్పా ఈశ్వరప్పా. సమంగా దించు. ఎగుడు దిగుడు ఉంటే ఊరుకోను."

తర్వాత ఎవరూ ఎవరి మాటా వినలేదు. నేలలో గడప దిగేంత గాడి తీసి, తలా ఒక చెయ్యి వేసి వాకిలి లేపారు. నీలావతి కూడా హెల్మెట్‌తోనే ఒక పక్క పట్టుకుంది. "ఎత్తండప్పా, ఇంకొంచెం, నా వైపు, నీ వైపు" అని అరుపులు. గడప కింద నవధాన్యాల మూట పెట్టింది హేమావతి. పసుపు పూసింది జయలక్ష్మమ్మ, ఎప్పటికన్నా మందంగా. టెంకాయ ఒక్క దెబ్బకే సమంగా పగిలింది. అది తన చేతి మహిమేనని హనుమంతు అందరికీ విడివిడిగా చెప్పాడు.

"పాపా, ముందు నువ్వే పో," అంది జయలక్ష్మమ్మ.

మల్లిక చక్రాలు తిప్పింది. కుర్చీ గడప మీదుగా చిన్న కుదుపు కూడా లేకుండా వెళ్లిపోయింది. తడి పసుపు చక్రాలకు అంటుకుని, కొత్త భవనం తెల్లటి టైల్స్ మీద రెండు పచ్చటి గీతలు పరుచుకుంటూ పోయాయి.

"మరకలు!" అన్నాడు వేణుగోపాల్.

"నోర్ముయ్యి," అన్నారు గడప ఇవతల ఉన్న ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారే.

పొద్దు వాలింది. ఈశ్వరప్ప హిందూపురం బస్సుకు వెళ్లిపోయాడు. కూలీలు ఓళిగల డబ్బా కడిగి తెచ్చి ఇచ్చారు. హేమావతి పళ్లెం సర్దుకుని, "పోదామా అత్తా?" అంది.

జయలక్ష్మమ్మ కదల్లేదు. వాకిలి అవతల, కొత్త టైల్స్ మీద, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏమయ్యా," అంది భర్తతో. "ఇంటికి పోయి నా చాపా దిండూ తీసకరా."

"ఎందుకే?"

"కొత్తింట్లో మూడు నిద్రలు చెయ్యల్ల గదా? పుట్టింటోళ్లు తోడు పండుకోకపోతే కూతురు ఏమనుకుంటాది?"

"అమ్మా!" అన్నాడు వేణుగోపాల్. "కరెంటు రాలేదు ఇంకా. రేపు మగ్గాలు దిగతాయి. చీకటి పడితే ఈడ ఎవురూ ఉండకూడదు, కమిటీ రూలు!"

"నీ కమిటీకి కూతుర్లు లేరా?"

వేణుగోపాల్ భార్య వంక చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. హేమావతి వాకిలి వంక చూసింది. పెన్ను పట్టుకున్న చిలక కింద అత్త పట్టుచీరలో, అలసిపోయి, వెలిగిపోతూ కూర్చుని ఉంది.

"మామా, నా చాప కూడా తీసకరా," అంది హేమావతి. వెళ్లి అత్త పక్కన చేరగిలబడింది.

"మరి నాకు సంగటి ఎవురు చేస్తారు?" అన్నాడు హనుమంతు. ఎవరూ వినిపించుకోలేదు.

నీలావతి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. ఫోన్‌లో కమిటీ ప్రెసిడెంటు నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోబోతూ ఆగింది. "ఆయనకు నేనేమని చెప్పాలి జయలక్ష్మమ్మ గారూ?"

"కూతురింటికి వచ్చినామని చెప్పమ్మా."

అవతల ఫోన్ ఎత్తారు.